తొమ్మిదీ పదికి

ఎనుమాముల మార్కెట్ల మిర్చి సీజను.
సర్వర్ గదిల గూడ తుమ్ములే.
కీబోర్డు సందులల్ల ఎర్రటి దుమ్ము,
కండ్లు తుడుసుకుంట
బస్తాకో వరుస ఎక్కిస్తున్న.

ఈ మిషను ఏదీ బీరువాల దాసుకోదు,
అంతా యాదిలనే పట్టుకుంటది,
మా గుమస్తా రాజేశం లెక్క.
ఏ ఊరి రైతు, ఏ అడ్తి, తేజనా, వండర్ హాటా,
అడుగుడే ఆలస్యం.

చిన్నపనులు ఊకె వస్తుంటయి:
కాంటా ఎక్కింది, దిగింది,
తరుగు పోయింది, రేటు పడ్డది.
రెప్ప కొట్టేలోపు ఒకటి.
గంతల సెక్రెటరీ సారు ఫోను:
"శివరాత్రి నుంచి ఇయ్యాల్టిదాక
మండలాలవారీగ మొత్తం తియ్యి."
అది మేడారం తొవ్వల ఎడ్లబండి,
ఎనుక వచ్చే స్కూటరుకు సందియ్యదు.

పోయినేడు గిసొంటి పెద్దలెక్క నడుస్తుంటే
యాది మొత్తానికి తాళం పడ్డది.
కాంటాలు ఆగినయి. ట్రాలీలు పైడిపల్లి దాక.
ఒకాయన నా కిటికీకి చెప్పు ఇసిరిండు.
నేర్పిన సార్లకంటె ఆ చెప్పే ఎక్కువ నేర్పింది.

ఇప్పుడు పెద్దలెక్కకు ఒక ఫోటో ఇస్త:
తొమ్మిదీ పదికి మార్కెట్ ఎట్లుండెనో అట్ల.
నిమ్మళంగ సదువుకొమ్మంట.
మారిన వరుసకు కొత్త నకలు పుడ్తది,
పాతది ఫోటోల కదలకుంట కూసుంటది.
కాంటా ఆగదు.

రాజేశాన్ని అడిగిన, నువ్వెట్ల జేస్తవని.
"రేటు నోట్లెకెళ్లి రాకముందే
బీడికట్ట మీద గీస్త బిడ్డా.
యాది మంచిదే.
కని నిద్రవోతది."

మా మిషనూ అంతే.
ముందుగాల చిట్టా, ఆ తర్వాతనే 'అయ్యింది' అంటది.
మొన్న కరెంటు పోయి, ఇన్వర్టరు గూడ కూలవడ్డనాడు
ఆ చిట్టానే మళ్ల అన్నీ యాది చేసింది.

పదకొండింటికి రిపోర్టు గోడకు అంటించినం.
గూడూరు దిక్కు తండా నుంచి బానోతు చాంది
ఎవరితోనో సదివించుకోని నా కిటికీకొచ్చింది.
"నా ఏడు బస్తాలు ఇండ్ల ఉన్నయా?"
తొమ్మిదీ పన్నెండుకు కాంటా ఎక్కినయి.
"ఇండ్ల లేవమ్మా, మిషన్ల ఉన్నయి."
"మరి గిది అబద్ధమా?"
"కాదు. తొమ్మిదీ పదికి నిజం."

కాగితం దిక్కు సూసింది,
గోడగడియారం దిక్కు సూసింది.
బొడ్ల దోపుకున్న తక్‌పట్టీ తీసి
గమ్ము ఆరని మూలకు ఆనిచ్చి ఒత్తింది.
పడిపోకుంట జరసేపు పట్టుకున్నది.

పైసలకు అదే కావాలె గదా,
మళ్ల పీక్కోని
అడ్తి దిక్కు నడిసింది.