పెరంబూరుకి పో

అంబత్తూరు ఎస్టేట్‌లో, టీ కొట్టు పైమేడ మీద
ఆస్పత్రి దుప్పట్లు ఉతికే యంత్రం తాలూకు ప్రోగ్రాము
నా చేతికిచ్చి, శుభ్రం చెయ్యమన్నారు.
ముప్ఫయ్యేళ్ల నాటి సి కోడ్.
రాసినాయన, కుప్పయ్య నాయుడు,
లేబుళ్లకి లోకల్ రైలు స్టేషన్ల పేర్లు పెట్టాడు.

నీళ్లు నిండకపోతే గోటో విల్లివాక్కం.
మోటారు వేడెక్కితే గోటో పెరంబూరు.
పెరంబూరు నుంచి, ఎందుకో, కొరట్టూరు,
అక్కణ్ణించి మళ్లీ విల్లివాక్కం.
తెర మీద వేలు పెట్టుకుని
రెండ్రోజులు టిక్కెట్టు లేకుండా తిరిగాను.

కాలేజీలో మా మేడమ్‌ది ఒకటే మాట:
గోటో రాసిన చేతికి మార్కుల్లేవు.
ఎందుకని అడిగితే ఎర్ర పెన్ను చూపించేది.
ఇన్నాళ్లకి ఇక్కడ అర్థమైంది.
ఈ వరసలో నిలబడి
ఎటునుంచి వచ్చామని అడిగితే
ఈ వరసకే తెలీదు.

ఒక్కొక్కటే పీకాను.
వైల్ లూపులు, చిన్న చిన్న ఫంక్షన్లు,
ఇఫ్‌లో ఇఫ్, దాని కడుపులో ఇంకో ఇఫ్.
నలభై మూడు గోటోలు. శుక్రవారానికి సున్నా.
సెల్వి చప్పట్లు కొట్టింది. టీ ఖర్చు నాది.

సోమవారం బెంచి మీద పరీక్ష.
డ్రమ్ము తిరుగుతుండగా మూత ఎత్తాం.
ఆగలేదు.
తెల్ల దుప్పటొకటి అంచు బయటపెట్టి
గిర్రున కొట్టి, సెల్వి చున్నీ కొస అందుకుంది.
మెయిన్ స్విచ్ దించింది నేనే.
దించాక కూడా దాని మీంచి చెయ్యి తియ్యలేదు.

సాయంత్రం ఫోన్ చేశాను.
ఎనభైకి దగ్గరపడ్డ గొంతు, వెనకాల కుక్కరు విజిల్.
"ఆవడి తీసేస్తివా?" అన్నాడు మొదటే.
"మిగతాయి తియ్యి, నాకూ సిగ్గే వాటికి.
అప్పుడు మెమరీ తక్కువ, తొందర జాస్తి.
ఆవడి మాత్రం తీయబాకమ్మా.
మూత తెరిస్తే, బండి యాడుండినా సరే
నేరుగా షెడ్డుకి పోవాల.
మద్దెలో దిగి ఎవుర్నీ పలకరించగూడదు."

వెతికితే దొరికింది.
నా మర్యాదస్తులైన ఇఫ్‌లు
మూత కబురుని గడప గడపకీ ఆపి
పేరడిగి కూచోబెట్టాయి.
మూడో ఇంట్లో మర్చిపోయారు.

ఒక్కటి తిరిగి రాశాను.
కిందికే దూకుతుంది, వెనక్కి రాదు.
మోటారు ఆపు, బ్రేకు వెయ్యి, నీళ్లు వదులు,
తెరిచినవన్నీ చివర్నించి మూసుకుంటూ రా.
పేరు మార్చలేదు.
పక్కన ఒక వాక్యం రాశాను, నా తర్వాత
శుభ్రం చెయ్యడానికి వచ్చేవాళ్ల కోసం.
మిగతా నలభై రెండింటికీ నాకు దిగుల్లేదు.

తనిఖీ కాగితంలో ఒక గడి ఉంది:
గోటోలు ఉన్నవా? ఉంటే కారణం.
రెండు మాటలు పట్టే చోటు.
షెడ్డుకి పోవాలి, అని రాసి సంతకం పెట్టాను.
మేనేజరు రెండుసార్లు చదివి
ఏ షెడ్డు అన్నాడు.

ఆ రాత్రి అంబత్తూరు ప్లాట్‌ఫారమ్ మీద
దీపాలార్పుకుని ఖాళీ బండొకటి
ఆగకుండా ఆవడి వైపు పోయింది.
నేను పోవాల్సింది పెరంబూరుకి.
అది ఇంకా రాలేదు.