నూట ఎనిమిది కుట్లు

పెరియమేట్‌లో మా సందుకి దారి అడిగితే
ముక్కును నమ్ముకోమంటారు.
సైడెన్‌హామ్స్ రోడ్డు దాటగానే తోలు వాసన మొదలు,
అది గొంతు పట్టుకున్న చోట మా గడప.

తొలి బంతి చూసి అవ్వ లెక్కపెట్టింది.
రెండు సూదులు, ఎర్ర దారం, నూట ఎనిమిది జంట కుట్లు.
"అష్టోత్తరమే గదే!"
ఎవరి నామాలో చెప్పలేదు.
బంతికి పదకొండు రూపాయల కూలి.
నేను కుట్టుకొక తిట్టు చదివాను.

కుట్టు తప్పినవి ఎక్స్‌పోర్ట్ వాడు వెనక్కి కొడితే
వాటిని మా తమ్ముడు చెంగల్రాయుడు కార్పొరేషన్ బడి గోడకి కొట్టేవాడు.
గోడ మీద బొగ్గుతో ఒక చదరం,
మోకాలి నుంచి రొమ్ము దాకా.
రాత్రి తొమ్మిదైనా దప్, దప్.
"గోడతో ఏం తగువే నీ తమ్ముడికి?" అని
కన్నియమ్మక్క కిటికీలోంచి అరిచేది.

శ్రీపెరంబుదూర్‌లో కార్ల కంపెనీ కొరియావాళ్ళు
ఆదివారాలు ఆడుకునేవాళ్ళు. బంతులు ఏరడానికి పోయాడు,
రోజుకి నూరు రూపాయలు, ఒక బిర్యానీ పొట్లం.
బంతి విసిరేవాడికి కడుపు చెడిన ఒక ఆదివారం
నువ్వు వెయ్యమని సైగ చేశారు.
వేశాడు.
పట్టినవాడు గ్లౌజు విప్పి అరచెయ్యి ఊదుకున్నాడు.

తైవాన్‌లో రెండేళ్ళు. చొక్కా వీపున వాడి పేరు
మూడు బొమ్మలుగా ఉండింది.
మెక్సికోలో చాంగో అన్నారు,
కోతి అని అర్థమంట, ఆర్నెల్లకి తెలిసింది.
"తెలిశాక ఏం చేశావురా?"
"గెలిచిన రోజు పలికాను. ఓడిన రోజు పలకలేదు."
నికరాగువాలో జీతానికి బదులు కాఫీ గింజల బస్తా.
చెక్ దేశంలో పగలంతా గోడౌన్‌లో పెట్టెలు మోసి
సాయంత్రం మంచులో విసిరాడు.
ఫోన్లో మాత్రం ఎప్పుడూ ఒకటే మాట:
"చెయ్యి వెచ్చగుందక్కా."

ఆట నాకు ఎక్కలేదు.
సెల్‌లో చూస్తే దిబ్బ మీద ఒక్కడే నిలబడి
తల అడ్డంగా ఊపుతున్నాడు, వద్దు, వద్దు.
మూడోసారి సరేనన్నాడు.
ఎవరితోరా అంటే, పట్టేవాడితో,
ఏ బంతి వెయ్యాలో వేళ్ళతో చెబుతాడు అన్నాడు.
ఇంట్లో ఎవరి మాటకీ తలూపనివాడు.

వంకర ఎట్లా తిరుగుతాదని ఒకసారి అడిగాను.
"కుట్టు వల్లే. నున్నటి బంతికి వంపు తెలీదక్కా.
కుట్టు లేచి ఉంటేనే గాలి దాన్ని పట్టుకుంటాది."
ఆ రాత్రి నాకు నిద్ర లేదు.
ఇన్నేళ్ళూ బంతిని మూయడానికి కుడుతున్నాననుకున్నా.

ముప్పై మూడో ఏట మోచెయ్యి తెగింది.
ఎడమ మణికట్టులో నరం తీసి
కుడి మోచేతిలో అల్లారు.
మొన్న సెంట్రల్ నుంచి నడిచే వచ్చాడు, ఒక్క సంచీతో.
అడగకుండానే చొక్కా చెయ్యి మడిచాడు.
కళ్ళజోడు తెచ్చుకుని లైటు కింద చూశాను.
పంతొమ్మిది గుర్తులు. ఏ రెండూ ఒక దూరంలో లేవు.
"ఎవడ్రా కుట్టింది?"
"పేరు గుర్తులేదు. ఆ రోజు వాన."
"చివర ముడి వదులేశాడు" అన్నాను.
ఇంకేమనాలో తెలియక.

బడి గోడకి ఇప్పుడు ఆకుపచ్చ పెయింటు,
పోస్టర్లు అంటించొద్దని తమిళంలో పెద్దక్షరాలు.
బొగ్గు చదరం ఎక్కడుండేదో
ఇద్దరం వేరువేరు చోట్లు చూపించాం.

కన్నియమ్మక్క కిటికీలో వేరేవాళ్ళ టీవీ.
నేను పనిలో కూర్చున్నాను.
ఎనభై రెండో కుట్టు దగ్గర
గోడ దప్‌మంది.

ఎడమ చెయ్యి. నాకు తెలుస్తుంది చప్పుడులో.
గురి లేదు, బరువు లేదు.
సూది దించాను.
ఎనభై మూడు.