ఏకు, మేకు

తొలకరి పడిన మూడోనాడు
జొన్నగిరి చేలల్లో నడుం వంచి ఏరుకున్న రాయిని
కొంగుముడి విప్పి నా అరచేతిలో పెట్టింది ఉరుకుందమ్మ.
శనగగింజంత. అంచున ఇంకా ఎర్రమన్ను.
"బేరగాడు నలభై వేలంటాడప్పా.
నీ మిషను ఏమంటాదో అడుగు."

మిషను ఏమీ అనదు పెద్దమ్మా.
పచ్చని వెలుగు పంపితే
రాయి లోపల కొంచెం వణికి
అందులో రవ్వంత రంగు మార్చి తిప్పి పంపుతుంది.
ఎంత మారిందో, అదే దాని మాట.
అదీ గుత్తి సంతలో గుసగుసలాంటి మాట.
మన్ను మెరుస్తుంది, చేతి జిడ్డు మెరుస్తుంది,
తెర మీద గీత మొత్తం గుట్టలా ఉబ్బుతుంది.
ఆ గుట్ట వాలును ఒక బహుపదితో అచ్చు తీసి
గుట్టలోంచి గుట్టను తీసెయ్యాలి ముందు.

మా నాయన దస్తగిరి గుత్తిలో ఇల్లిల్లూ తిరిగి
పరుపులకు దూది ఏకేవాడు.
భుజాన విల్లు, చేతిలో చెక్క గూటం,
నారి మీద ఒక్క దెబ్బ. టుంయ్.
"ఒక మోత గాదురా అది, విను.
పెద్దదొకటి, దాంట్లో సగం, దాంట్లో మూడోవంతు,
ఒకదాని వీపు మీద ఒకటి కూసోనుంటాయి."
నారికి తగిలింది గింజో తడిముద్దో
చూడకుండానే చెప్పేవాడు.
కాలేజీలో ఫూరియర్ పేరు మొదటిసారి విన్నప్పుడు
నాకు పాత పరుపుల వాసనొచ్చింది.

ఇప్పుడు నేను గీతను ఏకుతాను.
గడగడా వణికే పోగులు రొద, పక్కకు.
నింపాదిగా కదిలేవి గుట్ట, పక్కకు.
నడుమ మిగిలితే, అది రాయిది.

మొదటి స్కానులో
పదమూడు వందల ముప్పై రెండు దగ్గర
నిటారుగా ఒక మేకు.
వజ్రం నిలబడే చోటది.
మద్దిలేటి సారు కుర్చీలోంచి లేచారు.
ఉరుకుందమ్మకు ఆ అంకె తెలీదు,
మా ముఖాలు తెలిశాయి.
"దొరికిందా?"

నిజం చెప్తున్నా, ముందు నమ్మింది నేనే.
నునుపు చేసే సూత్రాన్ని ఇంకాస్త వెడల్పు చేస్తే
ఆ మేకుకు అటొక భుజం ఇటొక భుజం మొలిచేవి,
అచ్చం శిఖరంలా.
ఏకు మేకవుతుందని సామెత.
మేకును ఏకడం కూడా వచ్చు మాకు.

కానీ అసలు శిఖరం ఒక్క గడిలో నిలబడదు.
చాటలోంచి పోసిన జొన్నకుప్పలా
అటూ ఇటూ జారుతూ దిగుతుంది.
ఇది ఒకటే గడి. పక్క గడి ఖాళీ.
ఎన్ని ఏండ్ల కింద ఎక్కడ బయల్దేరిందో
ఆకాశం నుంచి ఒక కణం వచ్చి
డిటెక్టరును గుచ్చిపోయింది, అంతే.

మళ్ళీ తీశాం. మేకు లేదు.
మళ్ళీ. మళ్ళీ. వందసార్లు.
వంద కలిపితే మాట వందింతలవుతుంది,
రొద పదింతలే.
అరిచేవాళ్ళు ఒకమాట మీద నిలబడరు కదా.
కరెంటు రెండుసార్లు పోయి వచ్చాక, పొద్దుగూకేవేళ
నాలుగు వందల అరవై నాలుగు దగ్గర
భుజాలున్నది ఒకటి తొణకకుండా లేచింది.
పలుగురాయి.

"ఎన్నిసార్లు అడిగినావు?"
వందసార్లు.
"అన్నిసార్లూ అదే చెప్పిందా?"
ఒక్కోసారి వినపడలేదు. వినపడినప్పుడల్లా అదే.
ఆమె తెరను చాలాసేపు చూసింది,
చేను గట్టున నిలబడి మబ్బును చూసినట్టు.
"ఆ మొదటి కాయితముందే,
ఆకాశం గుచ్చిందంటివే,
అది నాకియ్యి."

ఎందుకని అడగలేదు.
మూలన పెన్సిలుతో రాసిచ్చాను,
ఇది రాయిది కాదు, అని.
ఆమెకు చదువు రాదు.
బేరగాడికి వచ్చు.