నాను

మిల్లు సైరన్ కూసింది, రెండో షిఫ్టుది.
బల్ల మీద సంఘం రిజిస్టరు, లీకయ్యే పెన్ను.
ఆదివారం బాప్తిస్మానికి పద్నాలుగు పేర్లు రాశాను.
పదిహేనోది మా అమ్మాయిది.
కె, జి వరకూ వచ్చాక
గుమ్మంలోంచి అంది, ఫిజిక్సు పుస్తకం మూయకుండానే:
"నాన్నా, నా పేరు రాయకు.
నాకింకా తెలీదు."

పాస్టరు నెహెమ్యా గారు ఏమంటారు?
తౌడమ్మ మునిమనవరాలు కదా,
సంఘ కార్యదర్శి కూతురు కదా, అంటారు.
అనకుండా ఉంటారా? నెల్లిమర్ల ఎంత ఊరని.

మా ఇంట్లో రెండే మాటలు ఉండేవి.
వీధిలోకి "మేము", గుళ్లోకి "మనం".
మేము తాగం. మేము ముహూర్తాలు చూడం.
మనం పాపులం. మనం విడుదల పొందినవాళ్లం.
ఆ రెండిటి మధ్య నేనెక్కడ కూర్చున్నానో
ఎవరూ వెతకలేదు.
నేనూ వెతుక్కోలేదు.

నా పద్నాలుగో ఏట మా నాన్న ఫిలేమోను మేస్త్రి
గోగునార బేళ్ల లెక్క రాసిన చేత్తోనే
నా పేరూ రాసేశాడు.
ఏప్రిల్ నెల. చంపావతి ఎండిపోయి
కళ్లు చెదిరే ఇసుక.
పెద్దలు నడుంలోతు గుంట తవ్వారు.
నా చొక్కా గంజి వాసన.
"ప్రభువును నమ్ముతున్నావా?"
"నమ్ముతున్నాం" అన్నాను.
గట్టు మీద ఎవరో కిసుక్కుమన్నారు.
గుంటలో ఉన్నది నేనొక్కణ్ణే.
పొడిగా దిగాను, తడిసి వచ్చాను.
సాయంత్రం కోడికూర.

ఆ తర్వాత ఇరవై రెండేళ్లు
వాక్యం తప్పు చదివితే దిద్దేవాణ్ణి.

లాకౌటు తొమ్మిదో నెలలో
సుగుణ చెవుల్లో వేపపుల్లలు చూశాను ఒక రాత్రి.
ఏమీ అనలేదు తను.
లేచి ఏటికి పోయాను.
"పరిశుద్ధుడవగు తండ్రీ" అని ఎత్తుకున్నాను,
మా నాన్న ఎత్తుకున్నట్టే, ఆ దగ్గుతో సహా.
సగంలో ఆగిపోయింది.
అరువు తెచ్చుకున్న గొడుగు గాలికి తిరగబడినట్టు
చేతిలో ఊచలు మిగిలాయి.
చాలాసేపటికి, చాలా చిన్నగా,
"ఉన్నావా?" అని వచ్చింది.
అంతే. ఆమెన్ కూడా లేదు.
జవాబు రాలేదు. తెల్లారి మిల్లూ తెరవలేదు.
కానీ అడిగిన గొంతు ఎవరిదో గుర్తుపట్టాను.
ఇంటికొచ్చి గంజి తాగి
నిద్రపోయాను, ఎన్నాళ్లకో.

మా నాయనమ్మకి అక్షరం ముక్క రాదు.
గుర్ల సంతలో చింతపండు అమ్ముతూ
ఎవరో చదివిన ఒక్క మాట విని
బుట్ట అక్కడే వదిలేసి వెంట నడిచింది.
ఆవిడ వెనక "మేము" లేదు.
చుట్టాలు నీళ్ల కుండ తాకనివ్వలేదు.
పోయే ముందు మంచం పట్టి అడిగాను,
నాకోసం ప్రార్థన చెయ్యవే అని.
"సేత్తాను బావూ.
నీ బదులు మాత్తరం నాను నమ్మనేను.
నాను బువ్వ తింతే నీ కడుపు నిండుతాదేటి?"

మా యాసలో "లేను" అనాలన్నా "నేను" అనే అంటారు.
బడిలో నేర్చుకున్న నా "నేను"
ఆవిడ చెవికి లేనట్టే వినబడి ఉంటుంది.
ఉన్నానని చెప్పాలంటే
ఆవిడ "నాను" అనేది,
నేల మీద కాలు ఆనించినట్టు.

నమ్మించవచ్చు ఎవరినైనా.
నమ్ముకోవడం మాత్రం
ఎవరికి వాళ్లే.

కె, జి మీద ఒక గీత కొట్టాను.
వరుస అలా వదిలేశాను.
మూడు తరాల తలుపు మూస్తున్నట్టు
చెయ్యి వణికింది, అబద్ధమెందుకు.
ఆ గీత మీద సిరా ఆరడానికి ఊదుతుంటే
కెజియా మంచినీళ్లు తెచ్చి పెట్టింది.
పోలేదు. నిలబడింది.
"మరి నువ్వెందుకు నమ్మావు?"

నలభై వచనాలు నాలిక మీదికి వచ్చాయి.
నీళ్లు తాగాను.
మిల్లు గోడ అవతల మగ్గాలు మోగుతున్నాయి.
"నాను..." అన్నాను.