రెండో బంతి

తొమ్మిదిన్నరకు గేటు తీస్తే
ముందు ఆటోలు వస్తాయి,
రైల్వేస్టేషను దుమ్మంతా నెత్తిన పెట్టుకొని.
వాటికి గోడవార మామూలు సాకెట్లు చాలు.
రాగిసంగటి ముందర కూర్చున్న ముసలోళ్ల మాదిరి
నిమ్మళంగా తెల్లారేదాకా మింగుతుంటాయి.

వెనకాలే పార్శిలు వ్యాన్లు. వాటి మూతి వేరే.
ఆ వెనక కొండబస్సులు. వాటి మూతి ఇంకా వేరే,
పైన చుట్టూ సన్న బొక్కలు, కింద రెండు లావువి.
ఆ గన్ను ఎత్తి పెట్టాలంటే
ముందు నడుముకు ఒక మాట చెప్పుకోవాల.

మూల రేకుల కింద ఇంకొకటుంది,
మొట్టమొదట కొన్న రెండు బస్సులకని తెచ్చిన యంత్రం.
తెర మీద చైనా అక్షరాలు, చదివే దిక్కు లేదు.
"ఎర్రలైటు మూడుసార్లు కొట్టుకుంటే
మీట అదిమి ఇరవై లెక్కపెట్టు" అని
నాకు ముందు ఈ పని చేసిన దొరస్వామన్న
గోడ మీద సుద్దతో రాసిపోయినాడు.
ట్యాబులో ఆ సంగతి ఎక్కడా లేదు.

ట్యాబులో చుక్కలుంటాయి, పచ్చవి, పసుపువి.
మూడు కంపెనీల చార్జర్లు, మూడు యాపులు,
భాగాలు పంచుకున్న అన్నదమ్ముల మాదిరి
ఒకదాని మొహం ఒకటి చూడదు.
రాయబారం నాది.

ట్రాన్స్‌ఫార్మరు మాత్రం అందరికీ ఒకటే.
అన్నీ ఒకే గడియలో ఆకలంటే
నెలాఖరు బిల్లులో జరిమానా పడుతుంది,
మేనేజరు కేశవులునాయుడు మొహం కూడా పడుతుంది.
అందుకని బంతులు వేస్తాను.
మొదటి బంతికి తెల్లారుజామున కదిలేవి,
రెండో బంతికి ఎండెక్కినాక కదిలేవి.

"కరెంటు పని తెలుసునా కుప్పమ్మా" అన్నారు ఉద్యోగమిచ్చేటప్పుడు.
ఆరువారాలు నేర్పించినారు సార్, అన్నాను.
పుత్తూరు హాస్టల్లో పందొమ్మిదేండ్లు
నూట ఎనభై మంది పిల్లోళ్లకు వడ్డించినానని చెప్పలేదు.
ఎవరికి చాలిందో, ఎవరు మొహమాటపడుతున్నారో
ఆకు మీదికి వంగిన మెడ చూస్తే తెలిసేది.

రాత్రి రెండు నలభైకి
మూడో నెంబరు ఆగిపోయింది.
చప్పుడు వచ్చి కాదు, చప్పుడు పోయి తెలిసింది,
దాని ఫ్యాను హోరు లేని జాగాలో
ఉన్నట్టుండి కీచురాళ్లు వినబడినాయి.
పదిహేడో బస్సు ముప్పై ఒకటి దగ్గర నిలబడిపోయింది.
నాలుగింటికి అది కొండెక్కాల,
పూలగంపలతో, ఊడ్చేవాళ్లతో, క్షురకులతో.
చెంగల్రాయులు వెనకసీటులో తువ్వాలు కప్పుకొని నిద్ర.
లేపలేదు. లేపితే మాత్రం ఏం చేస్తాడు పాపం.

మూల యంత్రం ఊరికే ఉంది. మూతి కలవదు.
మూతి కలవనప్పుడు అదెంత ఇస్తానన్నా
కొంగకు పళ్లెంలో పాయసమే.

తొమ్మిదో బస్సు దగ్గరికి పోయినాను. ఎనభై నాలుగు.
ఎనభై దాటినాక ప్రతి బస్సూ ఇంతే,
తినేది తక్కువ, పీట ఖాళీ చేయదు.
"లే నాయనా, చెయ్యి కడుక్కో" అని గన్ను లాగేసినాను.
అప్పుడే నిద్రలేచిన నాలుగు వ్యాన్లను ఆపేసినాను.
పొద్దున వాళ్ల డ్రైవర్లు నన్నేమంటారో నాకు తెలుసు,
అననీ.

మూడో నెంబరు కడుపు విప్పితే
గాలిజల్లెడ నిండా రేణిగుంట రోడ్డు.
చీపురుతో దులిపినాను, కొంగుతో తుడిచినాను.
అది లేచేసరికి మూడూ ఇరవై.
పదిహేడో బస్సు డెబ్బై రెండుతో గేటు దాటింది,
అద్దంలోంచి చెంగల్రాయులు చెయ్యెత్తినాడు,
నాకో, గేటుమనిషికో.

ఆరున్నరకు దిగొచ్చినాడు.
"వంపుల్లో బ్రేకు పట్టి పట్టి నాలుగు పాయింట్లు
వెనక్కి రాబట్టినా అక్కా" అని
చెరకు తోటలో కోసుకొచ్చినంత సంబరంగా చెప్పినాడు.
రాత్రి సంగతి నేను చెప్పలేదు.
ట్యాబు తనంతట తానే నివేదిక పంపేసింది:
అంతరాయాలు లేవు.

సుద్దముక్క వెతికి,
దొరస్వామన్న రాత కింద రాసినాను,
"మూడోదానికి దుమ్ము పడదు.
వారానికొకసారి జల్లెడ దులపండి.
తొమ్మిదో బస్సును నమ్మొద్దు,
చాలినాక కూడా ఆకలంటుంది."