రంగు పట్టని పోగు

మా నాన్న బరంపురంలో పట్టునూలుకి రంగులద్దేవాడు.
చచ్చేదాకా ఆయన గోళ్ళ కింద లక్క ఎరుపు పోలేదు.
నేను పెద్దాసుపత్రి ల్యాబులో
వెంట్రుకకన్నా పల్చగా కోసిన రొమ్ముకండకి అద్దుతాను.
వృత్తి మారిందని ఎవరన్నారు?

ఇవాళ ట్రేలో రెండు పేర్లు.
కూర్మమ్మ, అరవై ఎనిమిది, పాత్రపూరు.
దానేశ్వరి, ముప్పై ఆరు, గోపాలపూర్ రేవు.
ఆ ఒడియా అంకెలు మళ్ళీ చూశాను,
అరవై మూడుని గుమస్తా తిరగేశాడేమోనని.
తిరగెయ్యలేదు. కాగితం అడుగున ఉంది:
ఎనిమిది నెలల బిడ్డ, పాలిస్తోంది.
పాలగడ్డ అన్నారట. ఆకు వెచ్చచేసి కట్టారట.
మూడు నెలల్లో రేగిపండు నిమ్మకాయైంది.

కూర్మమ్మ తన గడ్డని నాలుగేళ్ళు
రవికలో చిల్లర మూటలా దాచుకుంది.

ముందు ఊదా, ఆపైన గులాబీ.
కూర్మమ్మ కణాలు వరస పూర్తిగా మర్చిపోలేదు,
అక్కడక్కడా గుండ్రంగా కూర్చోబోతున్నాయి.
దానేశ్వరివి సంతరోజు బస్సు.
ఒకదాని మీదొకటి, ఎక్కడ చూసినా
రెండుగా చీలుతూ.

తరవాత గోధుమరంగు. మూడు స్లైడులు, మూడు ప్రశ్నలు.
కూర్మమ్మకి మొదటి రెండూ చింతపిక్కల్లా ముదిరాయి.
కోత అయ్యాక రోజుకో మాత్ర.
చాలా ఏళ్ళే బతకొచ్చు, మనవలమీద అరుస్తూ.

దానేశ్వరికి పట్టలేదు.
రెండోదీ పట్టలేదు.
మూడోది
పక్కన సాక్షిగా పెట్టిన స్లైడు నిండా రంగే.
అద్దకంలో తప్పు లేదు.

వయసే అంతా అనుకోకండి,
పోయినవారం ఇరవై తొమ్మిదేళ్ళ పిల్లకి నిండుగా పట్టింది.
కానీ చిన్నవాళ్ళ స్లైడులు
ఇలా తెల్లగా మిగలడం ఎక్కువే చూశాను.

"పట్టని పోగుని తిట్టకే, దాని జిగురింకా వదల్లేదు,
మళ్ళీ ఉడకెయ్యి," అనేవాడు నాన్న.
ఇక్కడ మళ్ళీ ఉడకెయ్యడం లేదు నాన్నా.
సూది ఉంది. వేగంగా పరిగెత్తేదే
మందుకి ముందు దొరుకుతుందంటారు పెద్ద డాక్టరు,
ఆ మాట అని
కాసేపు ఏమీ అనరు.

నాలుగింటికి కిటికీ దగ్గర
తడిసిన జాకెట్టు, చంకలో బిడ్డ.
నా తెలుగు విని మొహం విప్పారింది.
"మనోళ్ళేనేటి? అప్పా, వొచ్చిందా?"
డాక్టరు చెప్తారమ్మా, అన్నాను.

బిడ్డ నా వేలు పట్టుకుంది.
గ్లవ్సు చిరిగినచోట, గోరు కింద దిగిన గోధుమరంగుని
నోట్లో పెట్టుకోబోయింది.

లాగేసుకున్నాను.