రూమ్ టోన్

ఇండిపెండెంట్ అన్న మాట మీద
నాకెప్పుడూ కాస్త అనుమానమే.
కెమెరా చిక్కడపల్లి నుంచి రోజు అద్దెకి,
లైట్లు జహీదా బావగారి పెళ్లి వీడియో షాపువి,
మైకు నాది, దాని ఈఎంఐ నా జీతానిది,
జీతం మాదాపూర్‌లో ఏడో అంతస్తుది.
ఎవరి మీదా ఆధారపడని సినిమా ఎక్కడైనా ఉంటే
దానికి నేను సౌండ్ చెయ్యలేదు.

పగలు నా పని క్లెయిములు చూడటం.
"ఈ చికిత్స ప్యాకేజీలో లేదు" అన్న వాక్యం
టైపు చెయ్యక్కర్లేదు, ఎఫ్-ఫోర్ నొక్కితే వచ్చేస్తుంది.
గుడి ముందు బండి మీద పోతూ దణ్ణం పెట్టుకున్నట్టు
వేలు దానంతటదే వెళ్తుంది.

ఆదివారాలు వార్డుల్లో, సెలవు పెట్టిన సోమవారాలు
అఫ్జల్‌గంజ్ పెద్దాసుపత్రి ఓపీ లైన్లో
హెడ్‌ఫోన్లు పెట్టుకుని నిలబడేవాణ్ణి.
దగ్గులకీ ఊళ్లుంటాయని అక్కడే తెలిసింది:
బీడీల దగ్గు, క్వారీ దగ్గు,
పక్కవాళ్లు జరిగిపోతారని
కొంగులో మూటగట్టుకునే దగ్గు.

షాటు అయ్యాక జహీదా చెయ్యెత్తేది:
"రూమ్ టోన్! ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడొద్దు."
గది మౌనాన్ని పట్టి ఉంచుకోవాలి,
ఎడిటింగ్‌లో అతుకుల కింద పరవడానికి.
నలభై ఒక్క రోజులు తిరిగితే
ఆ ఆసుపత్రిలో మాకు దొరికింది పదకొండు సెకన్లు.
ఎందుకు దొరికాయో సినిమాలో లేదు.
నేనూ చెప్పను.

తార్నాకలో ట్యూషన్ సెంటర్ మేడ మీద వేశాం.
ముప్పైనాలుగు కుర్చీలు, లెక్కలేనన్ని దోమలు,
తెరకి బదులు డబుల్ కాట్ దుప్పటి, ఇస్త్రీ చేసింది నేనే.
అయిపోయాక ఒకాయన లేచి
"సమస్య చూపించారు, పరిష్కారమేది?" అన్నాడు.
ఇంకొకాయనకి నిడివి ఎక్కువైంది.
(లైన్లో నాలుగు గంటలు, తెర మీద పద్నాలుగు నిమిషాలు.)
కండువా లేకుండా వచ్చిన కండువా మనిషి
"సంస్కరణల బిల్లు వస్తోంది, కార్డు పరిమితి డబుల్" అన్నాడు.

నన్నెవరూ అడగలేదు, అయినా చెబుతాను.
అసెంబ్లీలో పెట్టేదీ బిల్లే,
డిశ్చార్జి రోజు దిండు పక్కన పెట్టేదీ బిల్లే.
ఒకదానికి బల్లలు చరుస్తారు,
రెండోదానికి కమ్మలు తీస్తారు.
పరిమితి పెంచడమంటే
మంచాల్లేని వార్డుకి దుప్పట్లు పంచడం.
ఆ కార్డు గీకితే డబ్బు పోయేది
గోడ పెచ్చులూడే పెద్దాసుపత్రికి కాదు,
అద్దాల మేడల్లోకి, మా లిఫ్టు మీదుగా.
నాకు తెలుసు, ఆ గొట్టంలో నేనొక మలుపుని.

సినిమా మీద కూడా నాకు భ్రమల్లేవు.
మందంత పని చెయ్యదు, చీటీ అంత కూడా.
బాగా తీస్తే, లైన్లో పక్కన నిలబడి
"మీ నెంబరెంతమ్మా" అని అడిగినంత.
జహీదా ఒప్పుకోదు. మాకిద్దరికీ
కోఠి నుంచి ఉప్పల్ దాకా ఇదే గొడవ.

అప్పుడు వెనక కుర్చీలోంచి ఐలవ్వ లేచింది.
యాకుత్‌పురా నుంచి రెండు బస్సులు మారి వచ్చింది,
తెర మీద పద్నాలుగు నిమిషాలూ ఆమెవే.
"గింత పెద్దగ జూపెట్టిన్రు గదా బిడ్డా నన్ను,
డాక్టరు సారు సూసిండా?"

ఎవరూ చెయ్యెత్తలేదు,
ఎవరూ మాట్లాడొద్దని ఎవరూ అనలేదు.
నిమిషం పైనే ఉంటుంది.
ఫ్యాను చప్పుడు, కింద సోడా బండి గంట,
రికార్డర్ అప్పటికే సంచిలో సర్దేశాను.

మంగళవారం ఏడో అంతస్తులో
ఎఫ్-ఫోర్ మీద నా వేలు ఆగింది.
ఆగింది అని మాత్రమే అంటున్నాను.